మసక చేయని గొంతు

బుధవారం రాత్రి, మధురవాడ

మొన్న ఆటోనగర్ వర్క్‌షాపులో మంటలు లేచినప్పుడు అక్కడి వెల్డర్ అప్పారావు తీసిన వీడియోను మా వెబ్‌సైట్ వార్తలో పెట్టింది నేనే. ఏరియా పేరు కొడితే జనం పెట్టిన పోస్టులన్నీ పోగేసి చూపించే టూల్ ఒకటుంది ఆఫీసులో. అందులో దొరికింది. వాడుకోవచ్చా అని మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పంపాడు. మాకు అది చాలు. వీడియోలో ఒకచోట కనిపించిన అతని ముఖం మసక చేశాను. "బావా, బయటికొచ్చీ! ఆర్పడానికి ఇక్కడేటీ లేదు!" అన్న కేకను మాత్రం అలాగే ఉంచాను. వార్తకు ప్రాణం అదే అనిపించింది.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"నాను పోస్టు తీసీసేను కదా మేడమ్, మీకాడ ఇంకా ఎలాగున్నాది?"

టూల్ ఒక కాపీ దాచుకుంటుందని చెప్పాను.

"గొంతు ఇని మా ఓనరు గుర్తుపట్టీసేడు. పన్లోకి రావొద్దన్నాడు. నాను లేనిదేటైనా సెప్పేనా మేడమ్?"

వెంటనే తీసేశాను. అప్పటికే ఎవరెవరో మా పేజీలోంచి తీసుకుని గ్రూపుల్లో తిప్పేస్తున్నారు. ఎడిటర్ గారికి చెబితే, "పర్మిషన్ ఉంది కదమ్మా, నీకెందుకు బెంగ?" అన్నారు. ఉంది. ఒక బొటనవేలు ఉంది.

ఇందాక టూల్ తెరిస్తే, ఆటోనగర్ పేరు కింద అప్పారావు కొత్త పోస్టు వచ్చి కూర్చుంది. "ఎక్కడైనా వెల్డింగ్ పనుంటే సెప్పండి బావా."

దాని కింద ఆకుపచ్చ బటన్ ఎప్పటిలాగే అడుగుతోంది: వార్తలో చేర్చాలా?