గుమ్మం దగ్గర మెట్టు

ప్రియమైన అక్కా,

ఈ ఉత్తరం తెచ్చిచ్చిన మనిషి రేపటి నుంచి మీ ఇంట్లో మేస్త్రి. ఆ తర్వాతే నీ మరిది. నవ్వకు, నిజంగానే రాస్తున్నాను. మీ అత్తయ్యగారి గదిని ఆనుకుని స్నానాల గది కట్టడం ఆయనకి పెద్ద పనేం కాదు. నా భయమంతా నీ నోటి గురించే.

పెద్దన్నయ్య వంటిల్లు ఈయన చేతే బాగు చేయించుకున్నాక ఏమైందో నీకు తెలుసు. వంటిల్లు పూర్తయింది, రాకపోకలు ఆగిపోయాయి. మా పాప పుట్టినరోజుకి పిలిచినా రాలేదు. నాకిక పుట్టింటివాళ్ళంటే నువ్వొక్కదానివే. ఏదైనా నచ్చకపోతే ఆయన మొహం మీద అనకు. నాకు రాయి, నేను సమయం చూసి మెల్లగా చెబుతాను. ఫోన్ వద్దు. వారమంతా ఆయన మీ ఇంట్లో, ఆదివారం నా పక్కన. ఎటు మాట్లాడినా వింటారు. ఉత్తరాన్ని ఆయన సంచిలోనే పెట్టెయ్యి. ఒకరి ఉత్తరం విప్పే మనిషి కాదు.

నోరు జాగ్రత్త.
నీ చంటి

*

ప్రియమైన చంటీ,

నోరు కట్టేసుకున్నాను. దవడలు నొప్పెడుతున్నాయి.

మరిదిగారి పనికి వంక పెట్టలేను. గోడ గీత గీసినట్టు లేచింది. సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక చీపురు కూడా ఆయనే పడతారు. మీ బావగారు మామూలే, ఏది అడిగినా "మీ ఇష్టం" అంటున్నారు.

ఒక్కటే సంగతి. గుమ్మం దగ్గర ఇటుకలు పేర్చారు. మెట్టు కడతారేమోనని నా అనుమానం. వద్దని గట్టిగా చెప్పు. తుంటి విరిగాక అత్తయ్య వాకర్ తోసుకుంటూ, పాదాలు నేలకి రాసుకుంటూ నడుస్తున్నారు. అంగుళం ఎత్తు కూడా ఎక్కలేరు. ఒకరి చెయ్యి పట్టుకోకుండా ఆవిడంతట ఆవిడ వెళ్ళి రావాలనే కదా ఈ గది! ఇప్పుడు మంచం మీదే అన్నీ. నేను శుభ్రం చేసినంతసేపూ గోడ వైపు తిరిగి పడుకుంటారు. పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. మెట్టు కడితే ఈ ఖర్చు, ఈ దుమ్ము అంతా దండగ. ఇదే మాట చెప్పు, తగ్గించకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

చెప్పాను. ఆదివారం భోజనం చేసి కులాసాగా ఉన్నప్పుడు చూసి మరీ చెప్పాను. ఆయన కూడా గొట్టమనీ నేలనీ ఏదో చాలాసేపు వివరించారు. నువ్వేం కంగారు పడకు, అంతా ఆయన చూసుకుంటారు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు, నాకదే చాలు.

చీపురు సంగతి చెబితే మురిసిపోయారు. మా ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో మాత్రం ఆయనకి తెలియదు.

నీ చంటి

*

ప్రియమైన చంటీ,

"ప్రియమైన" అని రాయబుద్ధి కావడం లేదు, అయినా రాశాను.

మెట్టు కట్టేశారు. నాలుగు వేళ్ళ ఎత్తు, పైన టైల్స్ కూడా అతికించారు. పొద్దున అత్తయ్య తల దువ్వుకుని మరీ బయల్దేరారు. వాకర్ మెట్టుకి తగిలి ఆగింది. ఎత్తి పెట్టబోయి తూలారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. "నాకు మంచం మీదే అలవాటులేమ్మా" అని వెనక్కి తిరిగారు. నా మనసు చివుక్కుమంది.

మరిదిగారు చూస్తూనే ఉన్నారు, మొహంలో నెత్తురు చుక్క లేదు. నీకిచ్చిన మాట కోసం నేను నోరెత్తకుండా వంటింట్లోకి వచ్చేశాను. అసలు నువ్వు ఆయనకేం చెప్పావు?

అక్క

*

ప్రియమైన చంటీ,

దీంతోపాటు ఉన్న ఉత్తరం నిన్న రాసింది. సంచిలో పెడదామని వెళ్ళాను. సంచి ఆయన కాళ్ళ దగ్గరే ఉంది, ఆయన తాపీ కడుక్కుంటున్నారు. వంగేసరికి సిగ్గేసింది. రెండడుగుల దూరంలో ఉన్న మనిషి మీద ఫిర్యాదు రాసి, ఆయన చేతే బస్సులో నీ దాకా మోయించి, నువ్వు మళ్ళీ ఆయనకి చెప్పడమా! చిన్నపిల్లలు కూడా ఇలా ఆడరు. "మరిదిగారూ, మెట్టు ఎందుకు కట్టారు?" అని అడిగేశాను.

"చిన్నదిగా కట్టమన్నారు కదా వదినా!"

"నేనా? అసలు వద్దన్నాను."

"మెట్టు మరీ ఎత్తుగా ఉంటే అక్కకి నచ్చదట అని మా ఆవిడ చెప్పింది, తగ్గించాను. మెట్టే లేకపోతే నీళ్ళు గదిలోకి వస్తాయి. అలా రాకూడదంటే నేల పగలగొట్టి మురుగు గొట్టం కిందికి దించాలి. కొన్నాళ్ళు వంటింటి కుళాయి కూడా కట్టేయాలి. మీకు సమ్మతమేనా అని అడగమన్నాను. మీ ఇష్టం అని మీరు అన్నారట."

"మీ ఇష్టం" అనేది మీ బావగారు. నాకు ఊహ తెలిశాక ఆ మాట అని ఎరగను.

ఆ తర్వాత ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. తడి గచ్చు తొక్కానని ఆయన, తలుపు లోపలికి తెరుచుకుంటే వాకర్ పట్టదని నేను. అత్తయ్య మంచం మీంచే, "తలుపు పక్కకి జరిగేది పెట్టండి! నా చెయ్యి అందే చోట కడ్డీ బిగించండి!" అని కేకేశారు. ఆవిణ్ణి అడగాలని అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టనే లేదు.

ఇవాళ నేల పగలగొడుతున్నారు. పక్కింటి పొయ్యి మీద వండుతున్నాను. ఇల్లు పిండిమరలా ఉంది, నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. "తిడితే పని తెలుస్తుంది వదినా, పొగిడితే ఏం తెలుస్తుంది?" అంటున్నారు మీ ఆయన.

నా మాట మారిపోయి చేరిందని తెలిశాక నిన్ననే ఒక అనుమానం వచ్చింది. పెద్దన్నయ్య ఇంటి పనిలో మాటలు ఎవరు చేరవేశారని అడిగాను.

"మా ఆవిడే. అంతా బాగుందన్నారనే చెప్పేది. చివరి రోజు ఆయన నాతో మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఎందుకో ఇప్పటికీ తెలియదు" అన్నారు.

నాకు తెలుసు చంటీ. వంటింటి అరలు పెద్ద వదినకి అందవని ఎన్నిసార్లు చెప్పి పంపినా మీ ఆయన లెక్కచెయ్యలేదని అన్నయ్య నా దగ్గర ఎంత బాధపడ్డాడో! తన మాట అసలు చేరనే లేదని అన్నయ్యకి తెలియదు. నాకూ నిన్నటిదాకా తెలియదు.

నీ మీద కోపం లేదు. గొడవ రాకూడదని మా అందరి మధ్యా నిలబడి ఒక్కదానివే నలిగిపోయావు, అది తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఈ కవరు అంటించలేదు. దారిలో చదువుకోమని ఆయనకే ఇచ్చాను. ఆదివారం ఆయనా నేనూ అన్నయ్య ఇంటికి వెళ్తున్నాం. అన్నయ్య తిట్టాల్సినవి తిడతాడు, మీ ఆయన చెప్పాల్సినవి చెబుతారు. అరలు దించడానికి పనిముట్లు తీసుకెళ్తున్నాం.

నువ్వూ రావాలి. వచ్చి నా పక్కన కూర్చో. అన్నయ్య రాకపోకలు మానేస్తే నీకెంత కష్టంగా ఉందో అన్నయ్యతో నువ్వే చెప్పు. ఇన్నాళ్ళూ అందరి మాటలూ మోశావు గానీ, నీ మాట మాకెవరికీ వినిపించలేదు.

ఎదురుచూస్తూ,
నీ అక్క