చిల్లు ఏ కాగితంలో ఉంది

అక్టోబర్ 14

ఇది రాయకూడదనే అనుకున్నాను. నోటుబుక్కు మూసేసి టీ పెట్టుకున్నాను. టీ చల్లారిపోయింది, మళ్ళీ తెరిచాను.

ఈరోజు ఇళ్ళు వెచ్చబెట్టే బొగ్గు పొయ్యిల స్టాండర్డ్ కమిటీ మీటింగ్. నలభై ఏళ్ళు పొయ్యిలు చేసినవాణ్ణని నన్నూ సభ్యుణ్ణి చేశారు. చదువు ఎనిమిదో క్లాసు. మిగతాది మా ఊరి ఓష్ బజారులో అబ్బింది. పొద్దుతిరుగుడు గింజలమ్మే ముసలామె పాత సోవియట్ స్టాండర్డ్ పుస్తకాలు చింపి పొట్లాలు కట్టేది. గింజలు తిని పొట్లం చదివేవాణ్ణి. అందుకే బాయిలర్ల గురించి నాకు సగమే తెలుసు. మిగతా సగం ఇంకెవరో తిన్నారు.

సరే, అసలు సంగతి. పొగగొట్టంలో అడ్డంగా తిరిగే ఇనుప పలక ఒకటి ఉంటుంది. వేడి నిలవడానికి దాన్ని మూస్తారు. ఆ పలకకు వేలు దూరేంత చిల్లు ఉండాలి. లేకపోతే బొగ్గు విషవాయువు గదిలోకి తిరిగొచ్చి, నిప్పు పూర్తిగా ఆరకముందే మూసినవాళ్ళు పొద్దున లేవరు. మా డ్రాఫ్టులో చిల్లు మాట లేదు. గొట్టాల స్టాండర్డ్ చూడుము అని ఉంది.

అక్టోబర్ 15

గొట్టాల స్టాండర్డ్ చూశాను. పోయినేడు మార్చారు. చిల్లుకు పొయ్యిల స్టాండర్డ్ చూడుము అని ఉంది.

అక్టోబర్ 21

కమిటీ అధ్యక్షుడు ఎసెన్‌కన్‌కు చెప్పాను. పెద్దవాణ్ణని నన్ను బైకె అంటాడు. ఒక కాగితంలో ఉండాల్సింది ఇంకో కాగితంలో రాయకూడదు బైకె, అది మొదటి రూలు, ఇన్ని పొట్లాలు చదివారు కదా అన్నాడు. ఏ కాగితంలోనూ లేదు నాయనా అన్నాను. పోనీ గొట్టాల స్టాండర్డ్ పేరు పక్కన పాత ఎడిషన్ సంవత్సరం వేయండి, అందులో చిల్లు ఉంది అన్నాను. అది రద్దయిపోయింది, చచ్చినవాణ్ణి సాక్ష్యానికి పిలుస్తామా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే ఇప్పుడు మండుతోంది. గొట్టాల కమిటీ మళ్ళీ అయిదేళ్ళకు గానీ కూర్చోదట.

డ్రాఫ్టును ఉన్నదున్నట్టు ఓటుకు పెట్టారు. పదకొండుకు ఒకటి. ఆ ఒకటి నాది.

నవంబర్ 19

స్టాండర్డ్ అచ్చయింది. అట్ట బాగుంది.

డిసెంబర్ 6

మా వీధికి కొత్త పొయ్యిలు పంచారు. స్టాండర్డ్ ముద్ర ఉంది, పలకకు చిల్లు లేదు. పక్కింటి జూరాకన్ బడిలో వంటచేసి రిటైరైన మనిషి, ఒంటరిది. డ్రిల్లు తెస్తానన్నాను. నువ్వు చేసిన పొయ్యి ఇరవై ఏళ్ళు నా పరదాలకు మసి పట్టించింది, ఇప్పుడు ముద్రున్న పొయ్యిని చూస్తే ఓర్వలేకపోతున్నావా ముసలోడా అంది. బెజ్జం పెడితే గ్యారంటీ పోతుందని కాగితం చూపించింది. నిజమే, రాసి ఉంది. పిండి ముక్కలు నూనెలో వేయించి వేడివేడి బోర్సోక్‌లు పెట్టింది. నాలుగు తిన్నాను.

డిసెంబర్ 9

ఏడిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. చిల్లులు పెట్టాను. జూరాకన్ గేటు తీయలేదు. ఎండాకాలం రా, పొయ్యి ఖాళీగా ఉంటుంది, ఎంత కావాలంటే అంత తవ్వుకో అని గోడవతల నుంచే అంది.

జనవరి 3

మైనస్ ఇరవై రెండు. పొద్దున జూరాకన్ గొట్టంలోంచి పొగ రాలేదు. తలుపు పగలగొట్టాం. దుప్పటి గడ్డం దాకా కప్పుకుని ఉంది. చల్లబడిపోయింది. పలక పూర్తిగా మూసి ఉంది.

జనవరి 4

టీ పెట్టుకున్నాను. చల్లారిపోయింది.

జనవరి 11

విచారణవాళ్ళు వచ్చారు. కమిటీ సభ్యుడెవరైనా సంతకం చేయాలట, దగ్గరలో ఉన్నది నేనే. ఫారంలో ఒకటే ప్రశ్న. పొయ్యి స్టాండర్డ్‌కు అనుగుణంగా ఉందా. పలక ఇంకోసారి తిప్పి చూశాను. అనుగుణంగా ఉంది అని రాసి సంతకం పెట్టాను.