మగ్గం ఆగిన రోజు

ధర్మవరం,
అమావాస్య మరునాడు.

వదినకు నమస్కారాలు.

అత్తను చూసుకోవడానికి మీరు హిందూపురం నుంచి పంపిన మారక్కను ఈ ఉదయం తిరుగు రైలెక్కించాను. "అక్కకు ఏం చెప్పేది?" అని మీ తమ్ముడు భయపడ్డారు. నేనే రాస్తానన్నాను.

మొన్న మీరొచ్చినప్పుడు అత్త పక్క తడిమి, "చూడు, ఎంత పొడిగా పెట్టిందో!" అని నా ముందే ఆమెను మెచ్చుకున్నారు. పక్షవాతం వచ్చిన మనిషి పక్క అంత పొడిగా ఎందుకుందని మీరూ అడగలేదు, నేనూ అడగలేదు.

పొద్దున లేస్తే మా ఇంట్లో మగ్గం మోత. రాత్రి మారక్క తలుపేసుకునేది. నిన్న అమావాస్య, నేత నేయని రోజు గనుక మగ్గం ఆపాము. అప్పుడు విన్నాను. అత్త ముద్ద మాటలతో నీళ్లు అడుగుతోంది.

"గమ్మునుండు. తాగితే మళ్లా తడుపుతావు. ఎవురు ఉతికేది?" అంటోంది మారక్క.

తలుపు తోసి చూశాను. అత్త పెదాలు చీలిపోయి ఉన్నాయి. పక్కకు తిప్పితే నడుము కింద నా అరచేయంత పుండు.

"మీ వదిన పెట్టిన మనిషిని. పొమ్మనేకి నువ్వెవరు?" అంది మారక్క.

"ఈమె కోడల్ని," అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

ఆమెను ఇంకే ఇంటికీ పంపకండి. ఈసారి మీరొస్తే దుప్పటి తడమొద్దు. మీ అమ్మ నాలుక చూడండి, వీపు చూడండి.

ఇప్పుడే అత్త పక్క తడిపింది. ఉతకాలి, ఉంటాను.

మీ మరదలు