పియానోలో మిగిలిన చెప్పు ముక్క

శనివారం, మార్కాపురం.

మా అబ్బాయి దేవదానం ఇవాళ మిషను గుడిలో పియానో శ్రుతి చేశాడు. వేలితో నొక్కే ఒక్కో మెట్టుకి లోపల మూడు తీగలు. ఒకటి వినాలంటే పక్క రెండూ మోగకుండా ఆపాలి. మునుపు మద్రాసు నుంచి వచ్చే ఆయన పొడుగాటి ఉన్నిగుడ్డ దూర్చేవాడు, లాగితే మొత్తం వచ్చేసేది. వీడు నా పాత చెప్పు కోసి తోలుముక్కలు పెట్టాడు.

"గుడ్డే మేలు కద నాయనా?"

"తోలైతే గట్టిగా పట్టుకుంటదమ్మా. నువ్వూరికే దిగులు పడబాక."

ఆరు ముక్కలు తీసుకెళ్ళి ఐదే తెచ్చాడు. రేపు ఆరాధనలో పియానో మొద్దుగా పలికితే దొరసాని మళ్ళీ మద్రాసాయన్నే పిలిపిస్తుంది. తెల్లారగానే వెళ్ళి వెతకమన్నాను.

ఇన్నేళ్ళూ చెప్పులు గుడి మెట్ల దగ్గర విడిచే లోపలికి వెళ్ళాను. ఇప్పుడు నా చెప్పు ముక్క లోపలే కూర్చుంది. ప్రభువు ఏమనుకుంటాడో...