అండవాళ్ళు ప్రసన్నక్కను సాగనంపిన సంగతి

షెఫీల్డ్,
సోమవారం సాయంత్రం

ప్రియమైన అన్నయ్యకు,

శిరీష నమస్కారాలు. అమ్మ మోకాలు ఎలా ఉంది? నేను పంపిన మందు రాసుకుంటోందా, దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంటోందా? నాన్న ఉప్పు తగ్గించారా? వదినకు కొత్త స్కూల్లో పని అలవాటైందా? నేను బాగానే ఉన్నాను. దగ్గు తగ్గింది, వేళకి తింటున్నాను. ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతోంది, రోజూ వాన. అయినా బాగానే ఉన్నాను. ఇంతవరకూ అమ్మకు చదివి వినిపించు. మిగతాది నీకొక్కడికే.

ఫోన్లో చెబితే రెండో మాటకే "అది కాదే సిరీ" అంటావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటోలు తీసి పంపిస్తున్నాను. చివరిదాకా చదువు, ఈ రోజే చదువు.

నువ్వు మొదలుపెట్టిన అండ గ్రూపులోంచి నేను తప్పుకున్నానని కిరణన్నయ్య నీకు ఫోన్ చేసి బాధపడ్డాడట. "వాడు నా రూమ్మేటు, వాడి మనసు నాకు తెలుసు, వెళ్ళి సర్దుకో" అని నువ్వు మెసేజ్ పెట్టావు. ఏం జరిగిందో అతను నీకు చెప్పలేదని దాంతోనే అర్థమైంది.

ముందు మంచే చెబుతాను. నేను మాంచెస్టర్‌లో దిగిన రోజు కిరణన్నయ్య పులిహోర డబ్బా పట్టుకుని వానలో నిలబడి ఉన్నాడు. నేను వేసుకునే కోటు అండలో నాకంటే ముందు ముగ్గురు వేసుకున్నది. జీపీ డాక్టరు దగ్గర పేరు రాయించిందీ, కౌన్సిల్ నుంచి వచ్చిన కాగితాలకు అర్థం చెప్పిందీ అండవాళ్ళే. ఆదివారాలు అందరం అతని ఫ్లాట్‌లోనే తినేవాళ్ళం. కొత్తవాళ్ళెవరొచ్చినా, హాస్టల్ డాబా మీద మీరంతా ప్రమాణం చేసిన కథ చెప్పి, నీ మాటతో ముగించేవాడు: "తప్పెవరిదో తర్వాత చూద్దాం. ముందు పక్కన నిలబడు. అదే అండ." వింటుంటే నాకు గర్వంగా ఉండేది, మా అన్నయ్య మాట కదా అని.

ప్రసన్నక్క గురించి నీకు ఇదివరకు రాశాను, అనకాపల్లి మాస్టారి అమ్మాయి. మేమిద్దరం, కిరణన్నయ్య, అండలో ఇంకొందరం ఒకే కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాం. అక్కది చర్చిలో పాడే గొంతు. ముసలివాళ్ళకు తల దువ్వుతూ తెలుగు కీర్తనలు పాడుతుంది, వాళ్ళు భాష తెలియకుండానే తలలూపుతారు.

లేవలేనివాళ్ళను మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి హాయిస్ట్ అని ఒక యంత్రం ఉంటుంది. గుడ్డ ఊయల లాంటి దాంట్లో మనిషిని కట్టి పైకెత్తుతాం. ఎప్పుడూ ఇద్దరుండాలి. పోయిన నెలలో ఒక రోజు ఆ పనిలో ప్రసన్నక్క, కిరణన్నయ్య ఉన్నారు. ముసలావిడ గాల్లో ఉండగానే మేనేజరు తలుపు దగ్గరికొచ్చి, "కిరణ్, కింద పనుంది రా, ఆమె చూసుకుంటుందిలే" అని పిలిచింది. అతను వెళ్ళాడు. పట్టీ జారింది. అక్క ఆవిడను నేలను తగలనివ్వకుండా తన నడుం మీదే ఆపింది. ఆవిడకు మోచెయ్యి కమిలింది. అక్కకు వెన్ను దెబ్బతింది.

రిపోర్టులో మాత్రం, రెండో మనిషి కోసం ఆగకుండా ప్రసన్న ఒంటరిగా హాయిస్ట్ వాడిందని రాశారు. విచారణకు తోడుగా ఒక సహోద్యోగిని తెచ్చుకోవచ్చన్నారు, నేను వెళ్ళాను. జరిగినప్పుడు నేను వేరే అంతస్తులో ఉన్నాను కాబట్టి నా మాట చెల్లదు. చెల్లేది కిరణన్నయ్య మాటొక్కటే. ముందురోజు అడిగాను.

"చెప్తావుగా అన్నయ్యా?"

"నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారమ్మా!" అన్నాడు. ఆ క్షణంలో అది నిజమే అయ్యుంటుంది.

విచారణలో హెడ్ ఆఫీసు నుంచి వచ్చినాయన సూటిగా అడిగాడు, మధ్యలో నిన్నెవరైనా పిలిచారా అని. కిరణన్నయ్య పక్కనే కూర్చున్న మేనేజరును చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. "గుర్తులేదండీ. నేనప్పటికే కింద ఉన్నాననుకుంటా" అన్నాడు. ప్రసన్నక్క అతనివైపు చూడలేదు. నా చెవి దగ్గరికి వంగి, "వాడికి కాసిన్ని నీళ్ళిమ్మను, నాలుక పిడచకట్టుకుపోతోంది పాపం" అంది.

అక్క ఉద్యోగం పోయింది. ఉద్యోగంతోపాటు కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్, దానితో వీసా. ఇంకో చోట వెతికాం. రికార్డులో ఆ మాట, వంగలేని నడుము చూసి ఎవరు తీసుకుంటారు?

ఆ ఆదివారం కిరణన్నయ్య వంటింట్లో గొడవపడ్డాను.

"ఏం చెయ్యమంటావు సిరీ? నా స్పాన్సర్‌షిప్ రెన్యువల్ మేనేజరు చేతిలో ఉంది. మా ఆవిడకు ఐదో నెల."

"ప్రమాణం చేసినప్పుడు ఆ షరతు పెట్టుకోవాల్సింది."

ఉల్లిపాయలు తరుగుతున్న కుర్రాడొకడు కల్పించుకున్నాడు. "అన్న పరిస్థితి కూడా చూడాలి కదక్కా."

"మరి ప్రసన్నక్క పరిస్థితో?"

"ఆవిడకు మనమేం తక్కువ చేశాం చెప్పు?"

నిజంగానే తక్కువ చెయ్యలేదు అన్నయ్యా. వంతులేసుకుని వండిపెట్టారు. ఫిజియో దగ్గరికి కారులో తీసుకెళ్ళి, పనయ్యేదాకా బయట కూర్చున్నారు. దుర్మార్గులైతే నాకెంతో తేలికగా ఉండేది, తిట్టుకుని పడుకునేదాన్ని. వీళ్ళు మంచివాళ్ళు. మంచితనం వీసా దాకా వచ్చి ఆగిపోతుంది. నాదీ అక్కడే ఆగుతుందేమో, నన్నింకా ఎవరూ అడగలేదు, అంతే. ఆ రోజే గ్రూపులోంచి తప్పుకున్నాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఇప్పుడు ఆదివారాలు గదిలో ఒక్కదాన్నే పెరుగన్నం తిని, వాన చూస్తున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం మాంచెస్టర్‌లో అక్కను విమానం ఎక్కించాం. అండవాళ్ళు రెండు కార్లలో వచ్చారు. సూట్‌కేసుల కోసం పోటీపడ్డారు. "నడుమక్కా, నడుము జాగ్రత్త" అంటూ చేతిసంచీ కూడా లాక్కున్నారు. కిరణన్నయ్య అందరి ముందూ భోరున ఏడ్చాడు. నటన కాదు, ఆ ఏడుపు చూస్తే నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏటి కిరణ్, నానేమైనా చచ్చిపోయానేటి? ఊరెళ్తన్నాను" అంది అక్క. తర్వాత అందరినీ ఒకసారి చూసి, "సెండాఫ్‌కి ఇంతమంది వచ్చారు, ఆ రోజు మీటింగులో కుర్చీలు చాల్లేదా?" అంది. అందరూ నవ్వారు. కిరణన్నయ్య కూడా నవ్వాడు.

ఇప్పుడు అసలు విషయం. అక్క రేపు సాయంత్రం వైజాగ్‌లో దిగుతుంది. వాళ్ళ నాన్న ఎయిర్‌పోర్టుకు రానన్నారు. అక్కను తీసేస్తూ కంపెనీ ఇంటి అడ్రసుకు పంపిన కాగితం ఆయన తనే చదువుకున్నారు. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో అదుపుచేసిన మనిషి, కూతురిని ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "నీ చేతుల్లో ఉన్న ముసలమ్మను ఎలా వదిలేశావమ్మా?" నేను ఫోన్ చేశాను. "స్నేహితురాలివి కదా, అలాగే అంటావు తల్లీ" అన్నారు.

అండ పెట్టినవాడివి నువ్వని ఆయనకు తెలుసు. నువ్వు వెళ్ళి, కిరణ్ అబద్ధం చెప్పాడు, మీ అమ్మాయి తప్పేమీ లేదు అంటే నమ్ముతారు. అలా అంటే నువ్వేం పోగొట్టుకుంటావో నాకూ తెలుసు. కిరణన్నయ్య వాళ్ళ ఇల్లు మనింటికి రెండు వీధుల అవతలే. వాళ్ళమ్మ నీకు నాలుగేళ్ళు క్యారియర్ పంపిన మనిషి. తెల్లారేసరికల్లా ఆవిడ చెవిన పడుతుంది. నాకు పెద్ద ఆశలేమీ లేవు. నీమీద కోపంతో అనడం లేదు అన్నయ్యా, ఈ నెలరోజులూ చూశాక అంటున్నాను. ఎయిర్‌పోర్టుకు వెళ్తే అక్కతో అనకాపల్లి దాకా వెళ్ళు. ఆయన ఎదురుగా కూర్చుని చెప్పు, ఫోన్లో కాదు.

అమ్మకూ నాన్నకూ నా దణ్ణాలు, వదినకు ప్రేమతో. నాయనమ్మ పాదాలకు నా బదులు నువ్వు మొక్కు. పెద్దలు నాకు దాచిన దీవెనలేమైనా ఉంటే ఈసారికి ప్రసన్నక్కకు ఇమ్మని అడుగు.

వెళ్ళావో లేదో నాకు రాయకు. ఇంటికి చేరగానే అక్కే ఫోన్ చేస్తుంది. నువ్వు వెళ్ళకపోయినా నీ గురించి మంచే చెబుతుంది. కిరణన్నయ్య గురించి ఇప్పటికీ మంచే చెబుతోంది.

నీ చెల్లెలు,
శిరీష