మేత బీడు మీద అర్జీ

వెస్ట్‌మినిస్టర్,
నవంబరు, సెయింట్ మార్టిన్ పండుగ మర్నాడు.

నన్ను పెంచి పెద్దచేసిన థామసిన్ అక్కకు,

నేను క్షేమం. ఇక్కడ జరిగిన సంగతి ఒకటి నీకు చెప్పి, మనసు బరువు దించుకోవాలని వ్రాస్తున్నాను.

హెలియర్ ప్రభువు ఏటా చలికాలానికి తన వకీళ్ళకు నీలం బట్ట పంపుతాడని నీకు తెలుసు. అది కుట్టించుకు తొడుక్కున్నవాడు ఆయన మనిషి. నేనూ ఏళ్ళ తరబడి తొడుక్కున్నాను. కోర్టులో నాకు మర్యాద దక్కింది ఆ బట్ట వల్లనే. ఊరు నన్ను పార్లమెంటుకు పంపింది కూడా అది చూసే. మొన్న ఆయన దివాన్ సోరెల్ ఈ ఏటి బట్ట పట్టుకుని నా బసకు వచ్చాడు. మన ఊరి అర్జీ సభలో చదవవద్దన్నాడు. ప్రభువు మన మేత బీడు చుట్టూ కంచె కట్టిన మాట రాజుగారి చెవిన పడకూడదట.

"బొమిక వేసిన చేతిని కుక్క కరవదు, హామండ్," అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే ఈ బట్ట కుక్కకే తొడగండి," అని మూట అతని చేతిలోనే పెట్టి పంపేశాను. ఇక ఆయన కేసులు నాకు రావు. ఆయనకు భయపడి ఇంకెవరూ ఇవ్వరు. వకీలుగా నా పని అయిపోయినట్టే. అయినా తాడో పేడో తేల్చుకుంటాను. అర్జీల వంతు వచ్చేసరికి ఇంకా పదిహేను రోజులు పడుతుందంటున్నారు.

నా బెంగంతా నీ గురించే. బావ పోయాక ఒంటరిగా ఉంటున్నావు, నా మీది కోపం నీ మీద తీర్చుకుంటారేమో. కొన్నాళ్ళు ఎక్సెటర్‌లో మీ ఆడపడుచు ఇంటికి వెళ్ళి ఉండు.

నీ తమ్ముడు,
హామండ్ వైక్.


స్టోక్‌మోర్.

ఒరేయ్ తమ్ముడూ, మొండి వెధవా,

నేను చెబుతుంటే పాదిరి గారు వ్రాస్తున్నారు. ప్రభువు పేరు వచ్చినప్పుడల్లా ఆయన కలం ఆగిపోతోంది. పక్కనే నుంచున్నాను కనుక వ్రాయక తప్పడం లేదు పాపం.

నీ ఉత్తరం కంటే ముందు ఆ సోరెల్ ఊళ్ళో దిగాడు. అర్జీలో పేరున్న వాళ్ళ గింజలు ప్రభువు మిల్లులో ఆడించనని చెప్పాడు. ఆ మిల్లు తప్ప మనకు ఇంకో మిల్లు ఏదిరా? ఊరిపెద్ద జోర్డన్ ముందు తన పేరే తీసేయమన్నాడు. తరువాత అందరూ ఆయన వెనకే నడిచారు. నేను వాళ్ళను తిట్టను, పిల్లలు గలవాళ్ళు. కానీ నీకు నిజం తెలియాలి. ఊరి అర్జీ పోయింది. అక్కడ లేచి చదవడానికి నీ చేతిలో ఏమీ మిగల్లేదు.

సోరెల్ మా గుమ్మంలోకీ వచ్చాడు. మగదిక్కు లేని ఇల్లు కదా, తమ్ముడికి కాస్త బుద్ధి చెప్పుకోమ్మా అన్నాడు. ఆ మాటతోనే నాకు బుర్ర వెలిగింది. మొగుడున్న ఆడది మొగుడితో కలిసే అర్జీ పెట్టుకోవాలనీ, విధవరాలు ఒక్కతే తన పేరున పెట్టుకోవచ్చుననీ నువ్వేగా అన్నావు? ఆ బీడులో నా ఆవులకూ హక్కుంది. మీ బావ తరువాత అది నాదే.

"మగదిక్కు లేదు నిజమే దివాన్ గారూ," అన్నాను. "అందుకే నన్ను ఆపే దిక్కు కూడా లేదు."

అతని ముఖం చూడాల్సిందిరా! నాకు భయం లేదని కాదు, అతను వెళ్ళాక తలుపు గడియ పెట్టి రెండుసార్లు లాగి చూసుకున్నాను. అయినా ఎక్సెటర్ వెళ్ళను. పిండి ఆడకపోతే గోధుమలు ఉడకేసుకు తింటాను.

అర్జీలో ఊరి పేరు కొట్టేసి, స్టోక్‌మోర్ విధవరాలు థామసిన్ అని వ్రాయి. నువ్వు నా తమ్ముడివన్న సంగతి ఆ పూటకు మరిచిపో. నా వకీలువి, లేచి నుంచుని గట్టిగా చదువు.

మీ అక్క,
థామసిన్.