నాలుగు కాళ్ల స్టాండు

మస్కట్,
శుక్రవారం.

బావగారికి, మీ బావమరిది ఏసుబాబు వందనాలు చేసి రాస్తున్నది. ప్రభువు దయవల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది. మీరూ, అక్కా, పిల్లలూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. ఈ వానలకి మీ కాలు ఎలా ఉందో ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఈసారైనా రాయండి.

ఇక్కడ వాన మాట లేదు. పొద్దున్న నేను పనిచేసే షెడ్డు తలుపు తీసేసరికే రేకులు కాలిపోతుంటాయి. గదిలో మలయాళం వాళ్లతో కలిసి వండుకుంటున్నాం. చేపలకి లోటు లేదు గాని, వాళ్లు పులుసులో చింతపండు వెయ్యరు. నా వాటా విడిగా పులుసు పెట్టుకుంటే నవ్వుతారు, తర్వాత గరిటెడు అడిగి వేయించుకుంటారు. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అక్కతో చెప్పండి. బాగానే ఉన్నాను.

మీరు ఈ ఉత్తరం విప్పేది వీసా కబురు కోసమని నాకు తెలుసు. అక్క కిందటి ఉత్తరంలో రాసింది. "మీ బావ షెడ్డు ఖాళీ చేసేసేరు. పాస్‌పోర్టు బైబిల్లో పెట్టుకున్నారు. పోస్టుమేను వచ్చే వేళకి రోజూ అరుగు మీదే కూర్చుంటన్నారు. ఏదీ కుదర్లేదని రాశావంటే నీతో మాట్లాడనురా" అని. ఆ కబురు రాస్తాను. కానీ ముందు స్టాండు సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఇది చెబితే మీకు అర్థం కాదు.

మా యజమానిని ఇక్కడ అర్బాబు అంటారు. ఆయన తండ్రిగారి నాటి కారు ఒకటి షెడ్డు మూల ఎన్నాళ్లుగానో గుడ్డ కప్పి ఉంది. ఇద్దరే కూర్చునేది, టాపు లేనిది, పందెం కార్ల జాతిది. ఇంజను మాత్రం పొడుగు, ఆరు సిలిండర్లు, అంతా పోత ఇనుము. స్టార్టు చేస్తే నల్లటి పొగ, చుక్కలు చుక్కలుగా ఆయిలు. అది మొత్తం విప్పి మళ్లీ కట్టమని నాకు అప్పజెప్పాడు.

రాజోలులో మన పద్ధతి మీకు చెప్పేదేముంది. మూడు తాటి దూలాలు నిలబెట్టి, పైన కట్టి, గొలుసు కప్పీతో ఇంజను ఎత్తి పాత టైరు మీద దింపడం, ఇక నడుం వంచుకుని కూర్చోవడం. ఇక్కడ అలా కాదు. ఇంజను స్టాండని ఉంటుంది: చక్రాల మీద ఇనప స్తంభం, దాని తలకి గుండ్రంగా తిరిగే పలక. ఇంజను వెనక వైపు, గేరుబాక్సు అతికే చోట, ఆ పలకకి బోల్టులు బిగిస్తారు. మిగతా ఇంజనంతా ముందుకి గాలిలో ఉంటుంది. పిడి తిప్పితే ఇంజను తలకిందులవుతుంది, నిలబడే పని చేసుకోవచ్చు.

కొట్టువాడు రెండు రకాలు షెడ్డుకి పంపాడు, చూసుకుని ఒకటి ఉంచుకోమని. ఒకదానికి మూడు చక్రాలు, వెనక రెండూ ముందు ఒకటీ. రెండోదానికి నాలుగు, ముందు కాళ్లు కూడా ఎడంగా ఉన్నాయి. అర్బాబు మూడు చక్రాలదాన్ని కాలితో అటూ ఇటూ జరిపి, తనకొచ్చిన హిందీలో అన్నాడు: "ఇది తీసుకుంటే ఇంజను తిప్పినప్పుడల్లా పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మీ బావకి వీసా అడుగుతున్నావు కదా, ఆయన్ని పిలిపిస్తాను. నాలుగు చక్రాలది తీసుకుంటే నువ్వొక్కడివే చేసుకో. నీ ఇష్టం." నాకు మేలు చేస్తున్నాననే ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మీరు నేర్పిన పరీక్షే ముందు చేశాను. "ముందు నువ్వు వేలాడరా, తర్వాత ఇంజను వేలాడుద్ది" అనేవారు కదా మీరు. మూడు చక్రాలదాని పలక పట్టుకుని కాళ్లు ఎత్తేసి వేలాడాను. కదల్లేదు. నా గుండె తేలికపడింది. వీసా వచ్చేసిందనే అనుకున్నాను బావగారూ, అక్క మొహం కూడా కళ్లముందు కనిపించింది.

అర్బాబుని పిలవబోతూ ఆగాను. మన దూలాలకి బరువు మూడు కాళ్ల నడుమ వేలాడుతుంది. దీనికి స్తంభం దాటి బయట ఉంటుంది. పైగా తిరుగుతుంది. అందుకని ఇంజనంత పొడుగు పైపు ఒకటి పలకకి బిగించి, దాని చివర ఎక్కి కూర్చున్నాను. నిటారుగా ఉన్నంతసేపు బాగానే ఉంది. ఇంజను తిరిగినట్టు ఒక పక్కకి ఒరిగాను. వెనక చక్రం లేచింది. నేను దూకేశాను, స్టాండు పక్కకి పడిపోయింది. పలక అంచు తగిలి సిమెంటు నేల పెచ్చు లేచింది.

పట్టుకునే మనిషి నిలబడే చోటు సరిగ్గా అదే.

రైసుమిల్లులో దూలం జారిననాడు మీ రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి. అయినా వెనక్కి దూకలేకపోయారు. ఇప్పుడు ఆనాడు నలిగిన ఎడమకాలితో మీరు అక్కడ నిలబడాలి, అదీ నేను తిప్పుతుంటే పట్టుకోవడానికి. నాకు పానా పట్టుకోవడం నేర్పిన మనిషి. ఎంత ఆలోచించినా మిమ్మల్ని అక్కడ నిలబెట్టడానికి నాకు మనసు రాలేదు. నాలుగు చక్రాలదే ఉంచమన్నాను. అర్బాబు నా వంక చూసి, "అయితే మనిషి అక్కర్లేదు" అన్నాడు. అక్కర్లేదన్నాను.

కబురు ఇదే బావగారూ. వీసా లేదు. వద్దన్నది నేనే. మెకానిక్కు పని ఖాళీ అయితే మీ పేరు చెబుతాను, పట్టుకునే పనికి మాత్రం చెప్పను.

ఇంజను అయిపోయింది. పిడి పట్టుకుంటే ఒంటిచేత్తో తిరిగేది, స్టాండు మెదల్లేదు. కారులో ఎక్కించి స్టార్టు చేస్తే మొదట రెండు దగ్గులు దగ్గి అందుకుంది. పొగ లేదు. అర్బాబు సముద్రం రోడ్డు మీద తిప్పుకొచ్చి నాకు ఖర్జూరాల పెట్టె ఇచ్చాడు. మీరైతే వాల్వుల టాపెట్ల మీద పానా ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుని చప్పుడు విని, "ఊఁ, నాలుగోది కాస్త వదులురా" అనేవారు. అనేవాళ్లు లేక ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు.

షెడ్డు మళ్లీ అద్దెకి తీసుకోండి. ఇప్పటికింకా ఎవరికీ ఇచ్చి ఉండరు. నాలుగు కాళ్ల స్టాండు బొమ్మ గీసి ఇందులో పెట్టాను, మన కమ్మరి చెయ్యగలడు. లాంచీ ఇంజనుకైతే ముందు కాళ్లు ఇంకా ఎడంగా పెట్టమనండి. అప్పనపల్లి ఆయన ఒకరు సెలవుకి వస్తున్నారు, ఆయనతో ఖర్జూరాలు పంపుతున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయనకి కొంచెం మాగాయి ఇచ్చి పంపండి, అక్కకి మనసొప్పితేనే.

అమ్మమ్మకీ, పాస్టరుగారికీ నా వందనాలు. పిల్లలకి ముద్దులు. ప్రార్థనలో నన్ను తలుచుకోండి. కోపం తగ్గాక జవాబు రాయండి. తగ్గకపోయినా రాయండి.

మీ దీవెన కోరే,
ఏసుబాబు.

తా.క.: స్టాండు తయారయ్యాక వేలాడి చూడకండి, అది సరిపోదు. పైపు బిగించి చివర కూర్చుని ఒక పక్కకి ఒరిగి చూడాలి. మీరు కాదు, కమ్మరిని కూర్చోమనండి. మీరు అరుగు మీద నుంచి చూడండి.